నోటిలెక్క

ఆ జూన్‌లో రాత్రి అనేది పేరుకే.
పదకొండింటికి కూడా బడి వ్యాయామశాల కిటికీల్లో
విరిగిన పాలలాంటి వెలుతురు.
బాస్కెట్‌బాల్ రింగు కింద బల్ల వేసి
నన్ను కూర్చోబెట్టారు.
లెక్కల టీచర్ని కదా, తప్పు పోదని.

మనిషికి పదిహేను వందల రూబుళ్లు.
పదికి ఒకటి చొప్పున నూట యాభై క్రూన్లు, అంతే.
పాస్టరుకైనా, బాయిలర్ తోమేవాడికైనా.
మూడు రోజులపాటు ఎస్టోనియాలో
అందరి జేబూ ఒకటే.
పుట్టినరోజునైనా మేం అంత సమానంగా లేం.

ఊరంతా సిమెంటు దుమ్ము అప్పట్లో.
వరసలో ఇరవయ్యేళ్ల పిల్ల కనుబొమలూ నెరిసినట్టే ఉన్నాయి.
బట్టీ దగ్గర పనిచేసే ఎల్మార్
కొత్త నోటును దీపానికి అడ్డంపెట్టి చూసి
"ఇందులో దుమ్ము లేదే" అన్నాడు.
ఎవరూ నవ్వలేదు.
కాసేపాగి అందరం ఒక్కసారే నవ్వాం.

అప్పుడొచ్చింది లేయిదా,
ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో సూపు వడ్డించే మనిషి.
చంకలో చేపల డబ్బా.
అందులో పదులు, పాతికలు.
(యాభైలూ నూర్లూ నిరుడు జనవరిలోనే
మాస్కో చెల్లవంది.)
రబ్బరు బ్యాండ్లు కరిగి నోట్లకి అతుక్కుపోయాయి.
పదకొండు వేలు.
నీలం రంగు జిగులీ కారు కోసం
పంతొమ్మిదేళ్లు.

పదిహేను వందలు తీసుకున్నాను.
మిగతాది యాభైకి ఒకటి, అన్నాను.
నా గొంతు నాకే బ్యాంకు కిటికీలా వినిపించింది.
ఏడుస్తుందనుకున్నాను.
"మార్చకు," అంది. "ఊరికే లెక్కపెట్టు.
పైకి, అందరికీ వినపడేలా.
ఇన్నేళ్లూ కర్టెన్ వేసుకుని
గుసగుసగా నేనొక్కదాన్నే లెక్కపెట్టాను."

నోటికి వచ్చిన ఎక్కాలు పిల్లలతో చెప్పించే గొంతుతో
మొదలుపెట్టాను.
పది, ఇరవై, నలభై అయిదు...
వెనక రెండు వందలమంది.
ఒక్కరూ గడియారం చూడలేదు.
ఎల్మార్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.
తొమ్మిదివేల అయిదు వందలు, అన్నాక
ఆ అంకె కాసేపు గోడల మధ్య తిరిగి
ఎక్కే తాళ్లు వేలాడే మూలకి చేరింది.
"సరిపోయింది," అని డబ్బా మూసింది లేయిదా.

తర్వాతిది చరిత్ర పుస్తకంలో రెండు వాక్యాలు.
ధరలు వదిలేశారు, ఫ్యాక్టరీ అమ్మేశారు.
కొత్త యజమానులు పొగగొట్టాలకి వడపోతలు పెట్టారు.
మా ఇళ్ల కప్పులు ఎర్రవని అప్పుడు తెలిసింది.
ఉతికిన దుప్పటి తెల్లగానే ఆరింది.
ఆ తెల్ల దుప్పటి కింద ఎల్మార్
మధ్యాహ్నం దాకా లేవకుండా పడుకునేవాడు.

ఆ వేసవుల్లో నేనూ లేయిదా
ఓడెక్కి ఫిన్లాండ్‌లో స్ట్రాబెర్రీలు కోశాం.
నెల రోజులు నడుం వంచితే
బడిలో నా ఏడాది జీతం.
చాళ్ల మధ్య నిలబడి నేను భాగహారం చేస్తుంటే
"ఊరుకో, పండు తిను," అనేది.

చాలా ఏళ్లకి మళ్లీ మార్పు, ఈసారి యూరో.
ఒక్కోదానికి
పదిహేను పాయింటు ఆరు నాలుగు ఆరు ఆరు క్రూన్లు.
"ఇదేం అంకె టీచర్, పదహారు అనుకుందాం," అన్నారు పిల్లలు.
చివరి ఆరు దాకా రాయమన్నాను.
ఎంత సర్దినా, ఆ సర్దుబాటు
ఎవరో ఒకరి రొట్టె.

లేయిదాకి ఇప్పుడు ఎనభై నాలుగు.
శుక్రవారాలు నేనే సూపర్ మార్కెట్‌కి తీసుకెళ్తాను,
నా కారులో. దాని రంగు గురించి
ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.
తోపుడుబండి గొలుసు విప్పాలంటే నాణెం వెయ్యాలి.
పర్సులోంచి పాత క్రూను తీస్తుంది, మూడు సింహాలది.
ఎక్కడా చెల్లదు.
ఆ గాడిలో మాత్రం యూరోలాగే కూర్చుంటుంది.

సరుకులు సర్దుకున్నాక, గొలుసు మళ్లీ గుచ్చితే
టక్కుమని బయటికొస్తుంది.
అరచేయి చాపి నాకు చూపిస్తుంది.
"లెక్కపెట్టు."

"ఒకటి," అంటాను,
పార్కింగంతా వినపడేలా.