జిల్లాకు సముద్రం వచ్చినాక

జిల్లాలు మార్చిన ఏడాది
పేపరు మడిచి పెట్టి నాయన అన్నాడు:
"మనకిప్పుడు సముద్రం ఉండాది."
పక్కింటోళ్ళు బోరు వేయించినారు అన్నంత మామూలుగా.

ముప్పై నాలుగేళ్ళు సర్వే ఆఫీసులో చైన్‌మన్.
చంద్రగిరి గట్లు, పాకాల మిట్టలు, పుత్తూరు చెరకు మళ్ళు,
ఆయన గొలుసు కింద పడుకోని చేను లేదు.
నీళ్ళను మాత్రం ఎన్నడూ కొలవలేదు.

తీరిక దొరికేసరికి రెండేళ్ళు పట్టింది.
ఒక ఆదివారం, తెల్లారి ఐదింటికి
కొర్లగుంట సందులోంచి నా సెకండ్‌హ్యాండ్ కారు
రివర్సులో బయటికొచ్చింది.
వెనక సీట్లో అమ్మ,
ఒళ్ళో పులిహోర క్యారియరు, కాళ్ళ మధ్య నీళ్ళ క్యాను,
వాంతి రాకుండా గుప్పిట్లో నిమ్మకాయ.
నాయన నా పక్కన. సీటు బెల్టు రెండుసార్లు లాగి చూసి
"ఇది ఎన్నడుగులుంటాది?" అన్నాడు.

రేణిగుంట దాటేదాకా ఎవరం మాట్లాడలేదు.
ఎండ ఎదురొచ్చింది,
గుడ్డతో తుడిచినా అద్దం మీంచి పోని పసుపు.
కాళహస్తి దగ్గర స్వర్ణముఖి
ఇసుక మీద సన్నగా, ఒక పక్కకు తిరిగి పడుకోనుంది.
"ఇదీ ఆడికే పోతా ఉంది," అంది అమ్మ.
"పాపం, నడిచి."

నాయుడుపేటలో టీకి ఆగినాం.
నాయన గ్లాసు పట్టుకుని వచ్చిన దారివైపు తిరిగి నిలబడినాడు.
"ఏంది చూస్తా ఉండావు?"
"మన కొండ కనపళ్ళేదు."
కొలతకు యాడికి పోయినా
పొద్దుగూకేసరికి కొండ కిందికి చేరిన మనిషి.
మా ఇంట్లో దిక్కులకు వేరే పేర్లు లేవు.
కొండ పక్క కిటికీ, కొండ పక్క కుళాయి,
నేను పుట్టింది కూడా కొండ పక్క మంచం మీదంట.
ఇక్కడ నేల నాలుగు వైపులా ఒకటే,
తలగడ లేని పడకలాగా.
చల్లారిన టీ పారబోసి కారెక్కినాడు.

గూడూరు, కోట, వాకాడు.
రొయ్యల గుంటల్లో చక్రాలు నీళ్ళు చిలుకుతున్నాయి.
దారి అడిగితే సైకిలు పిల్లోడు
"నేరుగా పోండి, రోడ్డే అయిపోతాది" అన్నాడు.

అయిపోయింది.

తూపిలిపాళెం. సర్వి తోపు దాటినాక
నేను సముద్రాన్ని చూడలేదు, అమ్మను చూసినాను.
చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని
పెద్దాఫీసరు గదిలోకి పోయినట్టు
ఒక్కో అడుగూ తడుముకుంటా పోయి
చాలాసేపటికి అడిగింది:
"ఇదంతా పొరంబోకేనా?"

నాయన నవ్వలేదు. నిజంగానే ఆలోచించినాడు.
"గవర్మెంటుదే అయ్యుండాల.
అయితే హద్దురాయి యాడ నాటేది?"

పంచె ఎగ్గట్టి, చివరి సర్వి చెట్టు మొదట్లో మడమ ఆనించి
నీళ్ళ దిక్కుగా లెక్క మొదలుపెట్టినాడు.
నూట నలభై ఒకటి.
అల మోకాళ్ళ దాకా తడిపి పోయింది.
వెనక్కొచ్చి మళ్ళీ. నూట ముప్పై ఆరు.
మూడోసారి నూట నలభై ఎనిమిది.
అర సెంటు తేడాకు అన్నదమ్ములు
ఆయన గొలుసు మీదే కొట్టుకోవడం చూసినవాడు.
నడుం మీద చేతులు పెట్టుకుని, ఎండలో కళ్ళు చికిలించి
"దీనికి ఎవురూ అర్జీ పెట్టరు," అన్నాడు.
గొంతులో ఏముందో నాకు తెలియలేదు.
బరువు దించుకున్నట్టూ ఉంది,
పని పోయినట్టూ ఉంది.

అమ్మ అప్పటికే పడవ నీడలో కూర్చుని
సముద్రానికి వీపు పెట్టి
ఎండు చేపలు బేరమాడుతోంది.

తిరుగుదారంతా ఆ వాసనే. అద్దాలు దించినా పోలేదు.
కాళహస్తి దాటి చాలా దూరం వచ్చినాక
చీకట్లో దీపాల దారమొకటి వేలాడింది.
"అదో," అన్నాడు నాయన, ఎవరూ వెతక్కపోయినా.
ఆ మాటతోనే నిద్రపోయినాడు,
సీటు బెల్టుకు చెంప ఆనించి.

మరుసటి వారం కారు కడగబోతే
పెట్రోలు బిల్లు వెనక ఆయన చేతిరాత:
తూపిలిపాళెం. మూడు కొలతలు. కలవలేదు.
మళ్ళీ పోవాల.

దాని కింద అమ్మ గుండ్రటి అక్షరాలు:
చేపలకు వేరే సంచి.