ఇక్కడ వరిచేను అనే అర్థంలో

నా కథ పడిన పుస్తకం
అమలాపురం నుంచి బస్సులో నా ఒళ్ళో కూర్చుని వచ్చింది.
లాకులు దాటాక రోడ్డు సన్నబడింది,
కాలువా సన్నబడింది,
మా పేట చేరేసరికి అది ఒట్టి బోదె,
బోదెలో జానెడు నీళ్ళు, నీళ్ళ మీద గుర్రపుడెక్క.
అట్ట మీద మాత్రం నిండు గోదారి, కొబ్బరిచెట్లు, పడవ.
పడవలో ఎవరూ లేరు.

నూట పద్దెనిమిదో పేజీ నాది.
మా నాయనమ్మ మడిలో దిగి ఊడుస్తూ ఉంటుంది.
మడి అన్నచోట, మాట నెత్తిన
చీమంత ఒకటి అంకె.
చూపు పేజీ అడుక్కి దిగితే ఒక గీత,
గీత కింద:
‘మడి: ఇక్కడ వరిచేను అనే అర్థంలో.’

ఇక్కడ అంటే ఎక్కడ?

పరిగకి రెండు. బోదెకి మూడు.
ఆయమ్మ అన్నందుకు నాలుగు.
పెద్దవీధిలోంచి చెప్పులు చేత్తో పట్టుకుని పోయినట్టు
మా మాటలన్నీ పేజీ అడుగున
ఒదిగి ఒదిగి నడుస్తున్నాయి.

నా ముందు కథ ఒక పెద్దాయనది.
అందులో ఒకావిడ మడి కట్టుకుని
నూతి దగ్గర్నుంచి తడిబట్టతో వస్తుంది,
తగలకండి తగలకండి అంటుంది,
మగవాళ్ళు ఔపోసన పట్టి కూర్చుంటారు.
ఇరవై పేజీలు.
ఒక్క అంకె లేదు.
ఒక్క మాటా కిందికి దిగలేదు.

ఆ మాటలు నాకెవరూ అర్థం చెప్పలేదు.
ఏడో తరగతిలో, లెక్కల మాస్టారింటికి
పాత పుస్తకం కోసం వెళ్ళినప్పుడు
‘అక్కడే ఉండు’ అన్నారు లోపల్నుంచి.
మెట్టు కింద నిలబడి
నిఘంటువు మొత్తం నేర్చుకున్నాను.

మొన్న సభలో ఒకాయన మనసారా మెచ్చుకున్నాడు:
‘మీ శైలి చాలా శుభ్రంగా ఉందమ్మా.’
శుభ్రం అన్నచోట
నాకొక అంకె కనబడింది.

మా నాయనమ్మ
చర్చి పుస్తకంలో సువార్తమ్మ,
రేషన్ కార్డులో సూరమ్మ,
చేలో ఒసేయ్.
డెబ్బైమూడేళ్ళలో అరవై మడిలోనే ఉంది.
అంతకన్నా మడిగా బతికిందెవరో నాకు తెలీదు.

‘నా మాటేదే?’ అంది.
చూపించాను.
బొటనవేలు ఆనించింది. ఆ గోరు
ఎప్పుడో నారు పీకుడులో నల్లబడి అలాగే ఉండిపోయింది.
పైనున్న అక్షరాల్ని చూసింది, గీత కిందవి చూసింది.
చదువు రాదు, పైరు చదవడం వచ్చు.
‘ఇదేంటే, ఇలా గిడసబారిపోయింది?
నీళ్ళందలేదా?’
‘శివారు కదా’ అన్నాను.
‘పైవోళ్ళు తూము మూసేసుంటారు’ అంది,
పుస్తకం నా చేతిలో పెట్టి, పార ఎక్కడుందో వెతుక్కుంటూ.
ఆ రాత్రి నీళ్ళ వంతు మాది. రెండింటికి.
అరెకరం కౌలు.

ఆమె వెళ్ళాక పెన్సిలు చెక్కుకున్నాను.
పెద్దాయన కథ తెరిచి
మడి నెత్తిన ఒకటి వేశాను.
అడుగున గీత గీసి రాశాను:
‘మడి: ఇక్కడ తాకకూడని బట్ట అనే అర్థంలో.’
ఔపోసనకి రెండు.
సన్నగా రాయడం నాకు చేతకాలేదు,
అక్షరాలు గీత దాటి పైకి పాకాయి.
‘తగలకండి’ మీద మూడు వేశాను గానీ
కింద ఏం రాయాలో తోచలేదు.
నాకు తెలిసిన మాటే. బాగా తెలిసిన మాటే.
ఖాళీగా వదిలేశాను.

తెల్లారుతుండగా నాయనమ్మ వచ్చింది.
పార చూరుకి ఆనించింది.
మోకాళ్ళదాకా మడి.
కాళ్ళు కడుక్కోమందామనుకుని
నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

గడప దగ్గర ఆగలేదు.
అలాగే లోపలికి వచ్చేసింది.