కూచ్చో

టమోటాల అట్టపెట్టెలో వచ్చింది,
సల్వాలో మా మేడం ఇంటికి,
తొమ్మిది వారాల కుక్కపిల్ల.
పిల్లలు సుక్కర్ అని పేరు పెట్టినారు.
చక్కెరే కదా అనుకుని
చక్కెరా అన్నా.
దానికీ తోక ఊపింది.

పెద్దాయన నమాజు చేసే ఇల్లు,
కుక్క గడప దాటరాదు.
అందుకని వెనక నా గదిలో,
మంచానికీ వాషింగ్ మిషన్‌కీ మధ్య దాని పరుపు.
మొదటి రాత్రి ఏడ్చింది. రెండో రాత్రీ.
మూడో రాత్రి గడియారాన్ని తువ్వాల్లో చుట్టి
దాని డొక్క పక్కన పెట్టినా,
తల్లి గుండె అనుకుంటుందని ఎవరో చెప్తే.
అనుకోలేదు. గడియారాన్ని కొరికింది.
మంచం మీంచి చెయ్యి వేలాడేస్తే
వేలు చప్పరిస్తా నిద్రపోయింది.
పొద్దున ఆ చెయ్యి తిమ్మిరెక్కి
అట్లకాడ జారిపోయింది.

వారానికి రెండుసార్లు రోడెల్ వచ్చేవాడు,
మనీలా మనిషి, నడుముకు సంచి,
సంచిలో ఎండబెట్టిన కార్జం ముక్కలు.
పదహారు వారాల్లోపల లోకమంతా చూపించాల,
తర్వాత చూపిస్తే భయం పట్టుకుంటుంది అన్నాడు.
గొడుగు. చక్రాల కుర్చీ. గడ్డం మనిషి.
గాలికి లేచిన నల్ల అబాయా.
వాక్యూమ్ మిషన్ని ముందు దూరంగా, ఆపేసి,
తర్వాత దూరంగానే, ఆన్ చేసి,
ఆ తర్వాత దగ్గరగా.
ప్రతి దానికీ ఒక ముక్క కార్జం.

నాకు మొదటి రోజే
అన్నీ ఒకేసారి ఆన్ చేసి చూపించినారు.
అప్పుడు నాకు ముప్పై ఒకటి.

సెప్టెంబరు ఎండ దిగినాక
ఫుట్‌పాత్ మీద నా చెయ్యి ఆనించి,
చెయ్యి ఓర్చుకుంటేనే దాన్ని కిందికి దించేదాన్ని.
జమియా ముందర డెలివరీ బైకులు,
పసుపు కోటేసుకుని రోడ్డు ఊడ్చే అలంగీరు.
ఆయన చీపురు పక్కన పడేసి
గొంతుకూర్చుని పలకరించేవాడు, వాళ్ళ బంగ్లాలో ఏదో అంటా.
చెత్తడబ్బా మీది ఒంటికన్ను పిల్లి మాత్రం
మూతి మీద ఒక్కటి పీకి
రోడెల్ మూడు వారాల్లో చెప్పలేనిది చెప్పేసింది.

పాలపళ్ళు సూదులు.
కొరికితే అరిచి అటు తిరగమన్నాడు.
అబ్బా అనేదాన్ని. వొదిలేసేది.
చిన్నపాప దానా అడిగింది:
"రెడ్డెమ్మా, ఎందుకు మాటిమాటికీ మీ నాయన్ను పిలుస్తావు?"
నాయన్ను కాదమ్మా,
మా కడప పక్క అబ్బంటే తాత.

పరీక్ష డిసెంబరులో.
మేడం "సిట్" అనింది.
చక్కెర ఆమెను ప్రేమగా చూసింది, అంతే.
"ఇజ్లిస్" అన్నాడు పెద్ద పిల్లోడు మిషారి.
చెవి గోక్కుంది.
రోడెల్ రాసుకునే అట్ట కింద పెట్టేసినాడు.
నేను గుడ్డలు ఆరేస్తా ఉన్నా.
పళ్ళ మధ్య క్లిప్పుతోనే, ఊరికే,
"కూచ్చో" అన్నా.

కూచ్చుంది.
"ఉండు." ఉండింది.
"చెయ్యియ్యి."
ఎవరికియ్యాలో తెలీక గాలికిచ్చింది.

ఎవ్వరూ మాట్లాడలేదు.
పని పోయిందనే అనుకున్నా.
మేడం నవ్వింది. లోపలికి పోయి పెన్ను తెచ్చుకుని
నా మాటలు అరబ్బీ అక్షరాల్లో రాసుకుంది.
కూచ్చో, రా, వొద్దు, భలే.
పిల్లలు భలే భలే అని అరస్తా
ఇల్లంతా తిరిగినారు.
ఏడేళ్ళకు ఆ ఇంట్లో నా మాట
ఇంకొకరి నోట్లోంచి రావడం.

మొన్న, చలిగాలి సాయంత్రం,
వాకిట్లో టీ తట్ట పట్టుకుని నిలబడినా.
నా కాళ్ళ దగ్గర చక్కెర నిలబడింది.
మేడం ఫోన్‌లోంచి తల ఎత్తకుండా
"కూచ్చో" అనింది.

చక్కెర కూచ్చుంది.
నేను కాసేపు చూసినా.
తట్ట కింద పెట్టి
బకెట్ బోర్లించుకుని నేనూ కూచ్చున్నా.
ఆమె ఏమీ అనలేదు.

కూచోండి అని ఇంకో మాట ఉంది మాకు.
అది నేను నేర్పలేదు.
కుక్కతో పనిపడలేదు.