తీగె కొసన మూడు గుర్రాలు

ఎల్లుబాయి కాలిన మోటారును గోనెసంచిలో చుట్టి
సైకిలు క్యారేజీకి పగ్గంతో కట్టి
తొమ్మిది కిలోమీటర్లు తోసుకుంటూ వచ్చింది
సిరొంచ బస్టాండు వెనక మా వైండింగు దుకాణానికి.
దించకముందే అడిగింది:

"కరెంటు సన్నగ వస్తున్నదంటిరి గదా అందరు.
సన్నగ వచ్చినదానికి ఇదెట్ల కాలె?
పస్తులున్నోడు అజీర్తితోటి సచ్చిండంటే
నమ్ముతరా ఎవలన్న?"

బానయ్య కాక జవాబియ్యలేదు.
మూత విప్పి వాసన చూశాడు.
మెగ్గరు తిప్పితే ముల్లు
సున్నా దగ్గరే కూలబడింది.

నేనప్పుడు పనిలో చేరి రెండో ఏడు.
బడిలో మరాఠీలో చదివాను
దాబ్ వేరు, ధారా వేరు, రోధ్ వేరు అని;
అరవై రెండు మార్కులు కూడా వచ్చాయి.
ఇంటికొస్తే తెలుగులో అన్నిటికీ ఒకటే మాట:
కరెంటు వచ్చింది, కరెంటు పోయింది,
కరెంటు కొట్టింది, కరెంటు కట్టాలి.
ఒక్క మాటకే ఇంత చాకిరీ చెప్పే ఇంట్లో
ఓల్టుకు పీట ఎక్కడ వేస్తాం?

గురూజీ నీళ్ళతో పోల్చి చెప్పేవాడు.
మిద్దె మీది ట్యాంకు ఎత్తు ఓల్టట,
పైపులో పారేది ఆంపియరట.
ఆ ముక్క కాకకు చెబితే కటింగ్‌ప్లేయరు చేతికిచ్చాడు.
"పైపు కోస్తే నీళ్ళు కారుతయి.
తీగె కొయ్యి. ఒక్క చుక్కన్న రాలుతదా?"
తెగిన తీగె రెండు కొసల మధ్య
ఏమీ కారలేదు. బల్బు ఆరిపోయింది, అంతే.
తోపు మాత్రం అక్కడే నిలబడి ఉందని
టెస్టరు పెడితే తెలిసింది.

కాక చివరికి ఎల్లుబాయి వైపు తిరిగాడు.
"అక్కా, నీ బాయి లోతు తగ్గలె, నీళ్ళ బరువు తగ్గలె.
తోసే బలమే తగ్గింది.
బలం చాలకుంటే మోటరేం చేస్తది?
ఇంకింతమందిని పిలుస్తది.
ఐదు ఆంపియర్లు గుంజేది ఎనిమిది గుంజింది.
ఇరుకు సందుల అంతమంది జొరబడితే
గోడలు రాసుకొని వేడెక్కయా?
మంది రెండింతలైతే సెగ నాలుగింతలు."

"మరి ఆ బలం ఎటు పాయె?"

కాక ఉత్తరానికి చెయ్యి చూపాడు.
ఆలాపల్లి టేకు అడవి పొడుగునా
స్తంభం స్తంభం దాటి వచ్చే తీగె
తన కూలి తాను పట్టుకుంటుంది.
నాలుగువందల పదిహేను అని ప్లేటు మీద రాత;
మా మీటరు ముల్లు మూడువందల పది.
ప్రాణహిత అవతల, మా మేనత్త వాళ్ళ ఒడ్డున,
ట్యూబులైట్లు గిలగిలలాడకుండా వెలుగుతుంటాయి.

మూడు హార్స్‌పవర్ మోటారు అది.
ఒక గుర్రమంటే ఏడువందల నలభైఆరు వాట్లు.
పెళ్ళి ఊరేగింపులో తప్ప
మా దిక్కున గుర్రాన్ని చూసినవాళ్ళు లేరు.
అలాంటిది ఒక్క రాత్రి, మిరప చేను గట్టున,
మూడు కలిసి కాలిపోయాయి,
సకిలించకుండా.

కాలిన రాగిని నేను త్రాసులో వేశాను: నాలుగు కిలోల పావు.
కాకది కిలోల లెక్క, ఆఫీసుది గుర్రాల లెక్క.
ఎల్లుబాయి లెక్క వేరే.
"రాత్రి కరెంటుకు పదకొండు సాళ్ళు తడిసినయి.
పన్నెండోది సగం కాడ ఆగింది."
ఆ సగం సాలుకు ఏ దేశపు పండితుడి పేరూ పెట్టలేదు.

మూడు రోజులకు మోటారు తయారైంది.
పాత ఓల్టుమీటరు ఒకటి ఊరికే ఇచ్చాడు కాక.
ఆమెకు అంకెలు రావు.
కూతురి గోళ్ళరంగు తెప్పించి, మూడువందల యాభై దగ్గర
అద్దం మీద ఎర్రగా గీత గీశాడు.
"ముల్లు దీన్ని దాటనిదే స్టార్టరు ముట్టకు."

ఆ మాఘంలో ఒక రాత్రి బ్యాటరీ లైటుతో
వాళ్ళ చేను మీదుగా వస్తున్నాను.
స్టార్టరు డబ్బా ముందు దుప్పటి కప్పుకుని కూర్చుంది,
గుడిసెలో బల్బు దోసగింజంత ఎర్రగా.
"కరెంటు లేదా పెద్దమ్మా?" అన్నాను అలవాటుగా.

"కరెంటున్నది బిడ్డా," అంది ముల్లు మీది చూపు తిప్పకుండా,
"ఓల్టే రాలేదింకా."