నీళ్ల వంతు

నా పేరు పోశెట్టి.
అరబ్బీల 'ప' లేదట,
ఖల్ఫాన్ ముసలాయన నన్ను బోశెట్టి అంటడు.
నిజ్వా కోట దాటినంక, కొండ అడుగున,
ఆయన తోటల నలభై రెండు ఖర్జూరపు చెట్లు.
వారానికోసారి నీళ్లు పెట్టుడు నా పని.

నీళ్లు కొండ కడుపులకెల్లి వస్తయి.
ఎవలు తవ్విండ్రో ఆ కాలువ, ఎన్ని తరాల కిందనో,
మోటరు లేదు, కరెంటు లేదు,
మూరెడు వెడల్పు, మోకాలు లోతు.
పగలు ఒక కర్ర నీడ వంతు చెప్తది,
రాత్రి చుక్కలు చెప్తయి.
మాది రాత్రి వంతు:
తూర్పు గోడ మీదికి సురయ్యా ఎక్కినకాన్నుంచి
గంటన్నర.

సురయ్యా అంటే ఏందో అనుకున్న.
తీరా చూస్తే మన పిల్లలకోడి!
మా నాయిన నీరటికాడు.
తూము కాడ గొంగడి పరుచుకొని
ఆ కోడిని చూసే లేస్తుండె.

ఓపిక అన్న మాట ఈ దేశంల మొదలు విన్నది
మస్కట్ ఆఫీసుల, ఏసీ కింద.
పదకొండు నెలల జీతం అడిగితే
ముదీరు చాయ తాగుకుంట "సబర్" అన్నడు.
"బుక్రా" అన్నడు.
పైకి వేలు చూపి "అంతా ఆయన చిత్తం" అన్నడు,
ఆ చిత్తాన్ని తన సొరుగుల పెట్టి తాళమేసినట్టు.
అప్పటి నుంచి ఆ మాట వింటే కడుపుల మంట.
పోచమ్మను సుత తిట్టిన,
సముద్రం దాటుడు నీతోని కాదా తల్లీ అని.

కేసు ఏడోసారి వాయిదా పడ్డ రాత్రి,
గాలి లేదు, ఆకు కదుల్తలేదు,
ఎవలు చూస్తరు లే అని
చుక్క ఎక్కకముందే బండ లేపిన,
తడి గోనె గుంజిన.
నీళ్లు సప్పుడు చేయకుండ నా దిక్కు మళ్లినయి.
పాదులు నిండుతుంటే సంబురమైంది,
జీతమే చేతికొచ్చినట్టు.

ఖల్ఫాన్ దీపం లేకుండ వచ్చిండు.
తిట్టలే.
నడుం పట్టుకొని వంగి, బండను తన చేతులతోటే మళ్ల పెట్టిండు,
సందుల గోనె కుక్కిండు,
నా పక్కన కూసున్నడు.
"ఈ నీళ్లు జువైనా నిమ్మచెట్లవి" అన్నడు.
"మొగడు పోయిండు ఆమెకు.
పార పట్టుకొని సప్పుడు కోసం ఇనుకుంట నిలబడ్డది."
నిజమే, గోడ అవతల ఎవలో దగ్గిండ్రు.

ఇద్దరం తూర్పు దిక్కు చూస్తున్నం. గోడ నల్లగ.
ఆయన వేళ్ల కణుపుల మీద ఏదో జపం లెక్కవెడ్తున్నడు.
అడిగిన: మా ముదీరు సుత సబరే అన్నడు గదా?
చానాసేపు జవాబు లేదు.
"వాడు నీ నీళ్లు మింగి నిన్ను ఆగమన్నడు.
అది దేవుని మాట కాదు, దొంగ మాట.
కోర్టు ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు పో.
పోయి కూసునేదే సబర్."
ఇంకేం అనలే. ముక్కు చీదుకున్నడు.
జేబులకెల్లి రెండు పండ్లు తీసి, మెత్తటిది నాకిచ్చిండు.

పిల్లలకోడి ఎక్కింది.
ముందు తల్లి, ఎనుక మసక మసకగ పిల్లలు.
"బిస్మిల్లా" అని ఆయన,
"అమ్మా పోచమ్మా" అని నేను,
ఒక్క బండనే లేపినం.

ముందు గుంజుకున్న నీళ్లకు
ఆయన మా వంతులకెల్లి కోత పెట్టిండు.
నలభై చెట్లు తడిసినయి.
చివరి రెండు పాదులు నోరు తెరుచుకొని ఉన్నయి.
కాలువల నీళ్లున్నయి,
బండ నా చేతులనే ఉన్నది.
మూసిన.

గురువారం ఎనిమిదో వాయిదా.
కాయితాలు ప్లాస్టిక్ కవర్ల పెట్టుకున్న,
తెల్లారి మొదటి బస్సు.
పోయే ముందు ఆ రెండు చెట్ల కాడికి పోయి
తాగే సీసల నీళ్లు చెరిసగం పోసిన.
ఏం సరిపోతయి!
వచ్చే వంతుకు
మొదలు వాటికే.