పరిగె

తలుపు కాడ నిలబడుడే నా కొలువు.
నీలం కోటు, మెడల బిళ్ల, బిళ్ల మీద శివలీల,
చేతిల బిల్లుకు బెజ్జం పొడిచే మిషిను.
సంచిల ఉన్నది, బిల్లుల ఉన్నది
రెండూ సరిపోతే టక్.
పొద్దుగాల తొమ్మిదికెళ్లి రాత్రి తొమ్మిది దాక
టక్, టక్.

నేను కొలువుల చేరిన కొత్తల
సబ్బులు పోతుండె, సెంటు సీసలు పోతుండె,
ఒకపారి కాలేజీ పిల్ల ఒకతి కాటుక దాసుకుంది.
ఇప్పుడు సెంటును ఎవరూ ముట్టరు.
ఇప్పుడు పోయేటివి
పావుకిలో ఎల్లిగడ్డ,
చింతపండు పొట్లం,
అరకిలో కందిపప్పు, రెండు మడతలు పెట్టి
లంగ నాడ కింద.
ధర చీటీ మీద ధర చీటీ అంటించి అంటించి
అరల అంచు దళసరయ్యింది.
గోరుతోని గీకితే కింద పోయినేడు కనపడ్తది.

నెలాఖరుకు సంగమేశ్వర్ సారు లెక్క చూస్తడు.
తక్కువ పడ్డది ఎనిమిది మందికి పంచుతడు.
ఈ నెల నా వంతు మూడొందల నలభై.
అందుకే జాలంటే
నా జీతంలకెళ్లి నేను కొనుక్కునే సామాను.
అది గూడ పిరమే.

నిన్న మాపటేల ఊశమ్మ వచ్చింది.
నన్ను గుర్తుపట్టలె. నేను పట్టిన.
బాదేపల్లి మార్కెట్ల పల్లికాయ కుప్పల నడుమ
మా అమ్మ పక్కన చీపురు పట్టిన ఊశమ్మ.
బస్తా కుట్టంగ జారిన కాయ,
హమాలి భుజం మీదికెళ్లి రాలిన కాయ,
కాంటా కింద ఇరికిన కాయ
ఊడ్చి, చాటల చెరిగి, మన్ను పారబోసి
కొంగుల మూట కట్టుకపోతుండిరి.
సేటు చూసేటోడు. చూసి బీడీ ముట్టించేటోడు.
నేలకు పడ్డది నేలదో, చీపురుదో,
సేటుది మాత్రం కాదు.
దాన్ని ఎవరూ దొంగతనం అనలె.
దానికి ఒక పేరుండె.

ఈడ ఏదీ కింద పడదు.
నూకలకు గూడ సీలు.
రెండు గంటలకొకపారి బండలు తుడుస్తరు,
గుడ్డకు ఒక్క మెంతిగింజ అంటదు.

ఊశమ్మ బిల్లుల ఉప్పు, అగ్గిపెట్టె, పది రూపాల చాయపత్త.
ఎడమ చంక గట్టిగ మూసుకుంది,
జరమొచ్చినప్పుడు దవఖానల పుల్ల పెట్టుకున్నట్టు.
లీటరు ప్యాకెట్. పల్లినూనె.

నా తల మీద కెమెరా.
అది మనుషులను పైకెళ్లి చూస్తది.
దానికి మొఖాలు ఉండయి, పాపిటలే.
గోడకు అంటించిన దొంగల ఫోటోలల్ల
అందరి నెత్తులు మా అమ్మ నెత్తి లెక్కనే ఉంటయి,
నడుమ వెంట్రుకలు అరిగి,
గంప కూసున్న జాగ.

"సంచి చూపియ్యి" అన్న.
చూపిచ్చింది.
"చెయ్యి లేపు" అనాలె ఇగ.
మాట నాలుక మీదికి వచ్చింది గూడ.
ఊశమ్మ నా బిళ్ల దిక్కు చూసింది,
చదువురాదు,
కాయ పుచ్చా గట్టిదా అని చూసినట్టు చూసింది.
"పిరమైపోయినయి బిడ్డా" అన్నది.
ఏమేమో చెప్పలె.

టక్.

మంచిదాన్నని చెప్తలేను.
మొన్ననే ఒక పిలగాన్ని పాలపొడి డబ్బతోని పట్టిచ్చిన.
గుంజులాటల వాని చెప్పు తెగింది,
రెండు దినాలు కౌంటరు కింద్నే ఉండె, ఒక్కటే.
సారు నాకు యాభై ఇచ్చిండు.
కిలో టమాటకు సాలలె.

రాత్రి షట్టరు దించే ముందు
నా కాళ్ల కాడ నేనే ఊడుస్త.
బెజ్జాలకెళ్లి రాలిన కాయితం చుక్కలు,
తెల్లగ, సన్నగ, నూకల తీరు.
దోసెడు అయితయి.
ఈ దుకాణంల నేలకు రాలేటివి అవ్వే.
కోటుకు కొంగు లేదు, జేబుంది.
కొన్ని రాత్రులు అండ్ల పోసుకుంట.
ఇంటికాడ కోటు దులిపితే వాకిట్ల పడ్తయి.
తెల్లారి కోడి వచ్చి
ఒకదాన్ని ముక్కున పట్టి
ఇడిచిపెట్టి పోతది.