ఎడమ చెంప

చీటీ తీస్తే ఎడమ చెంపకి నీలం పడింది,
కుడి చెంపకి తెలుపు.
ఏ చెంపకి ఏదో, కొలిచే నాకు తెలియకూడదు. అది నియమం.
రాగి పెప్టైడ్ నీలాన్ని దాచడం ఎవరి తరం?
రెండో వారమే ఎదెల్మీరా చల్యపా దిండు గలీబు మడిచి తెచ్చింది:
"చూడు, మా గని నన్ను వెతుక్కుంటూ పక్కమీదకి వచ్చింది."
ఆ రోజు నుంచి నాకు తెలుసు.
తెలియనట్టే కొలిచాను.

కలామా నుంచి అంతోఫగాస్తా రేవు దాకా
ఇరవై రెండేళ్లు రాగి పలకల లారీ తోలింది.
పోయేటప్పుడైనా వచ్చేటప్పుడైనా కిటికీ ఎడమవైపే.
అందుకే ఆ ముఖంలో ఇద్దరున్నారు:
కుడివైపు యాభై ఏళ్ల మనిషి,
ఎడమవైపు ఆమె మేనత్త.

నీలంలో మూడే పూసలు, వాటి పట్టులో ఒక రాగి రేణువు.
పుళ్లు మాన్పిన అనుభవం ఉందంటారు దానికి.
తెల్లదానిలో ఐదు పూసలు, వెనక కొవ్వు తోక;
విరిగిన కొలాజెన్ ముక్కలా వేషం కట్టి
"ఇల్లు కూలింది, లేవండి, కట్టండి" అని
చర్మం లోపల కేకేస్తుంది.
ఒకటి మేస్త్రీ, ఒకటి పుకారు.
ఎవరి మాట వినాలో చర్మం ఇష్టం.

గడ్డం కింద దిమ్మ పెట్టి, కెమెరా జరిపి
ముడత లోతు మైక్రాన్లలో రాసుకుంటాను.
"కదలకండి," అంటాను.
డీజిల్ ధర చెబుతుంది. రేవులో కాపలావాడి మీసం గురించి చెబుతుంది.
నవ్వుతుంది.
ముడత చోటు మారిపోతుంది. మళ్లీ తీయాలి.

పన్నెండో వారం.
కుడి చెంప కాస్త నయం, పదిమందికీ చెప్పుకునేంత కాదు.
ఎడమ చెంప అంకె చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాను.
నీలం గెలిచిందని రాయబోతూ, అలవాటు కొద్దీ అడిగాను:
ఈ మూడు నెలల్లో ఇంకేమైనా మార్చారా?

"ఏముంది? మీ మందు ఎండకి చెడిపోతుందేమోనని
కిటికీకి పిండి సంచి కట్టాను."

ఇరవై రెండేళ్లలో మొదటిసారి.

నా పట్టికలో రెండే గళ్లు.
సంచికి గడి లేదు.
నీలం కింద అంకె వేసి, అంచున పెన్సిల్‌తో
చెరిపేయడానికి వీలుగా
ఒక మాట రాసుకున్నాను.

ఆమె అప్పటికే లేచింది.
సీసా అడుగున మిగిలింది
స్టీరింగుకి కాయలు కాసిన అరచేతుల్లో వంపుకుని
రెండు రంగులూ కలిపి రుద్దుకుంటూ
"వీటిని ఎలాగూ కొలవరుగా," అంది.